గోడ మీది జబ్బు

పోయిన వారం సంధ్యను ఆఫీసు గేటు దగ్గర, చేతిలో మాపు కర్రతో అలాగే నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా తేరుకోలేదు. రాయదుర్గంలోని ఆ అద్దాల మేడలో ఆమె హౌస్‌కీపింగ్ చేస్తుంది. భర్త భాస్కర్ అదే కంపెనీ వాళ్లను ఇళ్ల నుంచి తెచ్చి, మళ్లీ ఇళ్ల దగ్గర దింపే క్యాబ్ నడుపుతాడు. కారు దిగి నాలుగడుగులు వేస్తే డ్రైవర్ తూలుతున్నాడని నీహారిక అనే ఉద్యోగిని ఫిర్యాదు చేసింది. ట్రాన్స్‌పోర్టు సూపర్‌వైజర్ సంతోష్ అందరి ముందూ భాస్కర్ నోటికి ఊదే మిషన్ పెట్టాడు. సున్నా చూపించింది. మిషన్ పాడైందేమోనని ఇంకోటి తెప్పించి మళ్లీ ఊదించాడు. అదీ సున్నాయే చూపించింది.

జనం ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. సంధ్యకు మాత్రం కాళ్లు కదల్లేదు. ఏడాదిగా ఇంట్లో ఆమె "తాగొచ్చినవా?" అని అడిగినప్పుడల్లా భాస్కర్ తల దించుకుని "ఆఁ, కొద్దిగ" అంటూనే ఉన్నాడు మరి. తాగినవాడు తాగలేదని బొంకడం ఊరూవాడా చూసిందే. తాగనివాడు తాగానని ఒప్పుకుని, పెళ్లాం తిట్లు తిని, బిడ్డ ముందు చిన్నబోవడం ఆమె ఎన్నడూ కనలేదు, వినలేదు. ఎందుకు చెప్పాడా అబద్ధం?

ఆ ప్రశ్నను రాత్రంతా కడుపులో దాచుకుని, ఆదివారం పొద్దున బయటికి తీసింది సంధ్య.

మూసాపేటలో వాళ్లది రెండు గదుల కిరాయి ఇల్లు. అత్త సత్తెమ్మ కూరగాయల బండి కోసం కిందికి దిగింది. బిడ్డ స్రవంతి ట్యూషన్‌కు పోయింది. భాస్కర్ మంచం అంచున కూర్చుని చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నాడు. ఆదివారమైనా ట్రిప్పు ఉంది. గుండీ వేళ్ల మధ్యకు వచ్చినట్టే వచ్చి జారిపోతోంది. ఈ తంతు సంధ్య చాలా రోజులుగా చూస్తూనే ఉంది. రాత్రి తాగింది ఇంకా దిగలేదని మనసులోనే తిట్టుకునేది. ఈ రోజు మాత్రం ఎదురుగా పీట వేసుకుని కూర్చుని తానే గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. పై నుంచి కింది దాకా గుండీలున్నంత సేపూ మొగుడు ఎటూ కదలలేడని ఆమె ఉపాయం.

"నిన్న మిషన్ల సున్నా వచ్చింది," అంది.

"ఆఁ. నిన్న తాగలే."

"మొన్న?"

"మొన్న... కొద్దిగ."

"ఏం తాగినవ్?"

భాస్కర్ ఆలోచించాడు. నిజంగా తాగేవాడికి ఆ ప్రశ్నకు ఆలోచన అక్కర్లేదు. "బీరు," అన్నాడు చివరికి.

"ఏ బీరు?"

"ఏదో... నల్ల సీసల ఉంటది సూడు."

సంధ్య గుండీ పెడుతున్న చేతిని ఆపేసింది. నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు. ఇరవై ఏళ్ల సంసారంలో ఈ మనిషి అబద్ధం ఆడటం నేర్చుకోలేదు. ఏడాది పాటు ఆడిన ఒకే ఒక్క అబద్ధాన్ని కూడా సరిగ్గా తయారు చేసుకోలేదు.

"నా మొఖం చూసి చెప్పు. అసలు ఏమైంది నీకు?"

భాస్కర్ వాకిలి వైపు చూశాడు. మెట్ల మీద తల్లి అలికిడి లేదని రూఢి చేసుకున్నాడు. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. ఇంటి కప్పు మీద పావురాలు తప్ప వినేవాళ్లు లేరు. అయినా గుసగుసగానే చెప్పాడు.

"నాకు నరాల బలహీనత ఉన్నదట."

ఈ మాట మీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలియనట్టు చూపు తిప్పుకుంటాం, అంతే. కాంపౌండు గోడల మీద, మెట్రో స్తంభాల మీద, బస్టాపుల వెనక, మూత్రశాలల లోపల పసుపుపచ్చ, ఎర్ర రంగుల్లో రాసి ఉంటుంది. నరాల బలహీనతా? నిరాశ చెందకండి. రహస్యం కాపాడబడును. దాని కింద ఒక ఫోను నెంబరు. ఆ రాతకూ నరాలకూ సంబంధం లేదని పెద్దవాళ్లందరికీ తెలుసు. కొత్తగా తెలుగు చదవడం నేర్చుకున్న పిల్లలు బస్సు కిటికీలోంచి దాన్ని కూడబలుక్కుని "అంటే ఏందమ్మా?" అని అడిగితే తల్లులు వీపు మీద ఒక్కటి వేసి కూర్చోబెడతారు. భాస్కర్ ఈ నగరంలో బండి నడుపుతూ ఆ గోడల పక్కనే బతికాడు. ఆ మాట తన మీదికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

పోయిన ఎండాకాలం వేళ్లకు తిమ్మిర్లు మొదలైనప్పుడు బస్తీలోని చిన్న క్లినిక్‌కు వెళ్లాడట. అక్కడి డాక్టరు చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కమన్నాడు, భాస్కర్ నొక్కలేకపోయాడు. "చేతులల్ల నరాల బలహీనత కనవడ్తున్నది. పెద్ద దవాఖానల చూపించుకో," అన్నాడాయన. ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. తప్పంతా విన్న చెవిదే. నరాల బలహీనత అన్న రెండు మాటలు చెవిన పడగానే భాస్కర్ మిగతాది వినడం మానేశాడు. వీధిలో అందరికీ అప్పుడే తెలిసిపోయినట్టు తల వంచుకుని ఇంటికి వచ్చాడు.

"మరి ఎవలకు చూపించుకున్నవ్?" సంధ్య అడిగింది.

భాస్కర్ గుండీ పెట్టని చొక్కా అంచును దగ్గరికి లాక్కున్నాడు.

"ఎవలకు?"

"కూకట్‌పల్లిల ఒక లాడ్జి ఉన్నది. మంగళవారం మంగళవారం ఒక వైద్యుడు వస్తడు," అన్నాడు నేల చూస్తూ. "పొడి ఇచ్చిండు. పాలల్ల కలుపుకొని తాగుమన్నడు."

సంధ్యకు ఒక్కటొక్కటే తేటపడుతోంది. అతను పొద్దున దగ్గరికి వస్తే ఏదో మూలికల ఘాటు, మగ్గిన వాసన. మందు వాసన పోవడానికి ఏదో నములుతున్నాడని అనుకుంది. ఏడాదిగా హాల్లో చాప వేసుకుని పడుకుంటున్నాడు. తాగి వచ్చిన సిగ్గుతో అని అనుకుంది. అన్నీ ఆమె చూసినవే, ఒక్కటీ ఆమె అనుకున్నది కాదు.

"అందుకేనా హాల్ల పండుకుంటున్నవ్?"

"నువ్వేమనుకుంటవో అని."

"తాగుబోతు అనుకుంటే నీకు మంచిగున్నదా? నీ బిడ్డ నాతోని ఏమన్నదో ఎరుకేనా? డాడీ ఫ్రెండ్సు ముందట కాలేజికి రావద్దని చెప్పు మమ్మీ అన్నది."

ఆ మాట అతనికి తగిలింది. "తాగుబోతులు మస్తుమంది ఉన్నరు సంధ్యా," అన్నాడు. "తాగుబోతు మొగోడే గదా."

సంధ్యకు ఒళ్లు మండిపోయింది. ఏడాది పాటు ఈ మనిషి గురించి ఆమె వంటింట్లో ఏడ్చింది, బాత్రూములో కుళాయి విప్పి ఏడ్చింది. ఆఫీసులో పదో అంతస్తు అద్దాలు తుడుస్తూ కింద క్యాబులు ఆగే చోటు చూసి ఏడ్చింది. ఇదంతా ఒక గోడ మీది రాత కోసమా! చెంప మీద ఒక్కటివ్వాలన్నంత కోపం వచ్చింది. అంతలోనే, సగం గుండీలు పెట్టిన చొక్కాతో దోషిలా కూర్చున్న ఆ నడివయసు మనిషిని చూసి జాలేసింది. ఆ రెండూ కలిసి ఎటు పోవాలో తెలియక నవ్వుగా బయటపడ్డాయి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆగలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే నవ్వింది.

"నల్ల సీసనట," అంది మధ్యలో.

భాస్కర్‌కూ నవ్వు అంటుకుంది. చాలా కాలం తర్వాత ఇద్దరూ కలిసి నవ్వారు. నవ్వుతూ అతను తల ముందుకు వంచాడు. వంచీ వంచగానే "అబ్బా" అని మంచం పట్టె పట్టుకుని బిగుసుకుపోయాడు. ముఖం పాలిపోయింది.

"ఏమైంది? ఏమైందయ్యా?"

"ఏం లేదు. తల వంచితే కరెంటు కొట్టినట్లయితది. మెడలకెళ్లి నడుము దాంక జుమ్మని పోతది. జరసేపు ఆగితే పోతది."

సంధ్య నవ్వు అక్కడే ఆగిపోయింది. అప్పుడు ఒక్కొక్కటీ అడిగింది. అడిగేవాళ్లు దొరికిన మనిషిలా భాస్కర్ కూడా అన్నీ చెప్పాడు. అన్నం ముద్ద వేళ్లలోంచి రాలిపోతోంది. ఫోను పట్టుకుంటే పట్టుకున్నట్టు ఉండదు. కాళ్లు కట్టెల్లా బిగుసుకుంటాయి. ఎత్తయిన గడప దాటాలంటే భయం.

"మొన్న చెప్పు జారిపోయింది. తెల్వనే లేదు. ఒంటి చెప్పుతోని కారు దాంక పోయిన. సెక్యూరిటాయన పిలిచి చెప్పిండు."

సంధ్య అతని పాదాల వైపు చూసింది. నెమ్మదిగా అడిగింది. "కాలికి చెప్పు తెల్వకపోతే, బ్రేకు ఎట్ల తెలుస్తున్నది నీకు?"

భాస్కర్ కాళ్లను మంచం కిందికి లాక్కున్నాడు.

"వంగి చూసుకుంటున్న," అన్నాడు. "బ్రేకు మీద కాలున్నదో లేదో."

సంధ్య కళ్ల ముందు రింగు రోడ్డు కదిలింది. తెల్లవారుజామున డ్యూటీ దిగి, వెనక సీటులో ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోయే ఆడపిల్లలు కదిలారు. వాళ్లను ఆమె రోజూ చూస్తుంది. వాళ్లు తాగిన కాఫీ కప్పులు ఎత్తేది ఆమే.

"ఆ పిల్లలు ఎనక పండుకుంటరయ్యా," అంది. "నిన్ను నమ్మి పండుకుంటరు."

కోపంగా అనలేదు. కోపంగా అంటే అతను బాగానే తట్టుకునేవాడు. భాస్కర్ మెల్లగా జేబులో చెయ్యి పెట్టాడు. బండి తాళం వేళ్లకు అందక కాసేపు తడుముకున్నాడు. సంధ్య సాయం చేయలేదు. అతనే తీసి ఆమె చేతిలో పెట్టాలని ఆగింది. పెట్టాడు.

*

సంధ్యకు ఉద్యోగంతో వచ్చిన ఈఎస్ఐ కార్డు ఉంది. ఆ కార్డు పట్టుకుని ఒక దవాఖాన నుంచి ఇంకో దవాఖానకు తిరిగి, మెడకు స్కానింగులు తీయించుకుని, ఆ వారం చివరికి వాళ్లిద్దరూ డాక్టర్ హర్షిణి ఎదుట కూర్చున్నారు. వెన్నుకు ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరంటే భాస్కర్ తెల్లజుట్టు మనిషిని ఊహించుకున్నాడు. ఆమె గుంటూరు యాసలో మాట్లాడే సన్నటి మనిషి. మాట మాటకూ "అండి" అంటుంది. భాస్కర్ గారూ అని పిలవగానే అతను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

ఆమె ముందు స్కానింగు చూడలేదు, మనిషిని చూసింది. పిడికిలి గబగబా మూసి తెరవమంది. అతని వేళ్లు ఎవరో చెబితే వింటున్నట్టు నిదానంగా తెరుచుకున్నాయి. మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగిరిపడింది. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడిచినట్టు నడవమంటే రెండో అడుగుకే గోడ పట్టుకున్నాడు. ఆ తర్వాత కంప్యూటరు తెర వాళ్ల వైపు తిప్పింది.

"ఇవి మీ మెడ ఎముకలండి. వీటి వెనకాల పైనుంచి కిందికి పొడుగ్గా ఒక పట్టీ ఉంటుంది. ఎముకలు జారిపోకుండా పట్టుకునే పట్టీ. అందరికీ మెత్తగా, వంగేలా ఉంటుంది. మీకేమో అది మెల్లమెల్లగా ఎముకగా మారిపోయింది. ఇదిగో, ఈ తెల్లటిది."

"ఎముక గట్టిపడ్తే మంచిదే గదా మేడం?" అన్నాడు భాస్కర్.

"ఉండాల్సిన చోట ఉంటే మంచిదేనండి. ఇది లోపలికి పెరిగింది. దాని వెనకాలే వెన్నుపాము ఉంది. తల నుంచి కాళ్లకి, చేతులకి కబురు మోసేది అదే. ఇక్కడ చూడండి, ఎంత సన్నగా నలిగిపోయిందో. మీ వేళ్లలో తప్పు లేదు, కాళ్లలో తప్పు లేదు. కబురు అందట్లేదు, అంతే."

సంధ్య తెర వైపే చూస్తూ ఉండిపోయింది. పక్కన కూర్చున్న మొగుడు మోచేత్తో పొడుస్తున్నాడు. అడుగు, అడుగు అని. ఏమడగాలో ఆమెకు తెలుసు. సిగ్గుగా ఉన్నా అడిగేసింది.

"మేడం, అయితే ఇది... గోడల మీద రాస్తరు గదా, గది కాదు గదా?"

డాక్టరుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు రాకుండా కాగితాలు సర్దుకుంది. "కాదండి. తెలుగులో మనం అన్నింటినీ నరమే అంటాం. సెలైన్ ఎక్కించేదీ నరమే, పట్టేసేదీ నరమే. దాంతోనే వచ్చింది చిక్కంతా. ఆ గోడ మీది జబ్బుకీ దీనికీ సంబంధం లేదు. కానీ ఒకటి చెప్తాను వినండి. ఇది దానికంటే పెద్దది."

పెద్దది అన్నా భాస్కర్ ముఖంలో ఒక వెలుగు వచ్చింది. మగవాళ్ల సంగతి ఇంతే. సంధ్య ఆ వెలుగు చూసి పళ్లు నూరుకుంది.

హర్షిణి తొందరపడకుండా అన్నీ చెప్పింది. మందులతో ఈ పట్టీ కరగదు. మెడ వెనక నుంచి ఎముకను తలుపులా కొంచెం తెరిచి వెన్నుపాముకు చోటు ఇవ్వాలి. ఆపరేషన్ చేస్తే జబ్బు అక్కడితో ఆగుతుందని ఆశ. పోయిన పట్టులో కొంత తిరిగి రావచ్చు, మొత్తం వస్తుందని మాట ఇవ్వలేదు. నూటికి కొందరిలో ఆపరేషన్ తర్వాత చేతులు ఇంకా బలహీనపడటం కూడా ఉంటుంది. చేయకపోతే మెల్లగా మంచం పట్టవచ్చు. మెల్లగానే అని కూడా చెప్పలేం. ఒక్కసారి కాలు జారి పడినా, బండిలో సడన్ బ్రేకు పడినా, మెడ ఒక్క కుదుపుకు కాళ్లూ చేతులూ ఒకేసారి పడిపోవచ్చు.

"అందుకని ఈ నిమిషం నుంచి బండి ఎక్కడం, మెడ విరవడం, బరువులెత్తడం ఏమీ వద్దు. రేపు పొద్దున అడ్మిట్ అవ్వండి. మీరిద్దరూ ఆలోచించుకుని చెప్పండి."

భాస్కర్ సంధ్య వైపు చూశాడు. ఆమె కళ్లు మూసి తెరిచింది.

"చేయండి మేడం," అన్నాడు. "జల్ది చేయండి."

హర్షిణి రాసుకుంటూ, మామూలుగా అందరినీ అడిగినట్టే అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా నడక తేడా రావడం, చేతుల్లోంచి వస్తువులు జారిపోవడం ఉందాండి? నాన్నగారికి, అన్నదమ్ములకి? ఇది కొన్ని కుటుంబాల్లో వస్తూ ఉంటుంది."

"ఎవలకు లేదు మేడం," అన్నాడు భాస్కర్. ఒక్క క్షణం ఆగి, నిజాయితీ కోసం ఇంకో మాట కలిపాడు. "మా బాపు తూలెటోడు. గానీ అది తాగి."

డాక్టరు రాయడం ఆపింది. "ఆయన తాగడం మీరు చూశారా?"

భాస్కర్ నోరు తెరిచాడు. సంధ్య వైపు తిరిగాడు. ఆమె కూడా తన జ్ఞాపకాలన్నీ వెతుక్కుంటోంది. మామ తూలడం చూసింది. పడటం చూసింది. ఆయన చేతిలో ఒక్క సీసా, ఒక్క గ్లాసు చూసిన గుర్తు ఆమెకు దొరకలేదు.

*

మెట్రోలో మూసాపేటకు వస్తుంటే భాస్కర్ మెడకు దవాఖానలో తొడిగిన కాలర్ చూసి ఎవరో లేచి సీటు ఇచ్చారు. కూర్చున్నాక అతనికి తండ్రే గుర్తొచ్చాడు.

భాస్కర్ తండ్రి రాజయ్య తాపీ మేస్త్రీ. ఆయన కట్టిన గోడ నిలువుగా ఉందో లేదో తూకపు గుండు వేసి చూడాల్సిన పని లేదని తోటి వాళ్లు అనేవారు. అలాంటి మనిషికి తాపీ చేతిలో నిలవడం మానేసింది. కలిపిన సిమెంటు మాలు ఒలికేది, అడుగు తడబడేది. పరంజా మీద నుంచి ఒకసారి పడబోయాడు, తోటివాళ్లు పనికి రానివ్వడం మానేశారు. ఇంట్లో "నేను తాగలే" అని దేవుడి పటం ముట్టుకుని చెప్పాడు. మనవరాలి నెత్తిన చెయ్యి పెట్టి చెప్పాడు. తాగింది చాలక దేవుని మీద అబద్ధమాడుతున్నాడని సత్తెమ్మ ఆయన బట్టల సంచి గుమ్మం బయట పెట్టింది. అప్పటి నుంచి ఆయన బాచుపల్లిలో, కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ దగ్గర వాచ్‌మన్‌గా ఉంటున్నాడు. ఎక్కడున్నాడో అందరికీ తెలిసినా ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. భాస్కర్ ఏడాదికోసారి తల్లికి తెలియకుండా వెళ్లి, కుర్చీలో కూర్చున్న తండ్రిని చూసి వస్తాడు. ఆయన లేచి నడవడం మాత్రం ఈ మధ్య చూడలేదు.

"బాపు తాగలే తాగలే అన్నడు," అన్నాడు భాస్కర్ కిటికీ వైపు చూస్తూ. "ఒక్కలమన్న నమ్మినమా? గందుకే నువ్వు అడిగినప్పుడు తాగిన అని చెప్పిన. ఒప్పుకుంటే ఒక తిట్టుతోని ఒడుస్తది, లేదంటే సంచి బయట పెడ్తరని."

సంధ్య అతని చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి ఆమె చెయ్యి ఎంత తెలుస్తోందో ఆమెకు తెలియదు. అయినా వదల్లేదు.

"అత్తమ్మకు ఇప్పుడే చెప్పొద్దు," అంది. "మామ సంగతి తర్వాత. ముందుగాల నీ ఆపరేషన్ కానియ్యి. ఒక్కసారి అన్నీ మీద పడితే ముసలామె ఆగదు."

భాస్కర్ సరేనన్నాడు. ఇద్దరూ మాట అనుకునే మెట్లెక్కారు.

సత్తెమ్మ హాల్లో చాప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కొడుకు మెడకున్న కాలర్ చూడగానే కాయలు పక్కకు తోసేసింది. "ఏందిది? ఏమన్నరు కొడుకా?"

భాస్కర్ జవాబు సంధ్యకు వదిలేసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సంధ్య తేలిక మాటల్లో చెప్పడం మొదలుపెట్టింది. రేపు దవాఖానల చేరాలట, ఆపరేషన్ చేస్తరట. మెడల ఒక పట్టీ ఉంటదట అత్తమ్మా, అది ఎముకయ్యిందట. వెన్నుపామును ఒత్తుతున్నదట.

"పామేంది బిడ్డా, ఒంట్ల?"

"పాము కాదు, నరమసుంటిదే. గది నలిగితే చేతులకు, కాళ్లకు తెల్వదట. అందుకే పట్టుకున్నది జారిపోతదట. నడిస్తే తూలినట్టు అయితదట. చూసెటోళ్లకు తాగినట్టే కనవడ్తదట. ఆయన ఒక్క చుక్క తాగలే అత్తమ్మా. మనమే..."

చెబుతూ చెబుతూ సంధ్య ఆగిపోయింది. దాచాలనుకున్న సంగతంతా ఆమె నోటితోనే బయటికి వచ్చేసింది. రాజయ్య పేరు ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరం కూడా మిగల్లేదు. చెప్పిన ప్రతి మాటా ఆయనదే.

సత్తెమ్మ చేతిలో ఒక చిక్కుడుకాయ ఉంది. దాన్ని చూస్తూ కూర్చుంది. ఈనె తీయకుండానే అడిగింది.

"తాగకుండనే గట్ల తూలుతరా?"

సంధ్య భాస్కర్ వైపు చూసింది. అతను తల తిప్పలేక కళ్లు మాత్రం దించుకున్నాడు.

"తూలుతరు అత్తమ్మా."

"చేతులకెళ్లి తాపీ జారుతదా?"

"జారుతది."

సత్తెమ్మ ఏడవలేదు. కాయలన్నీ ఎత్తి చేటలో పోసింది. లేచి పంపు దగ్గర ముఖం కడుక్కుంది. లోపలికి వెళ్లి నలగని చీర ఒకటి కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. బయట ఎండ ఇంకా వాలలేదు. ఆమె గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే సంధ్య గాభరాగా ఎదురు వచ్చింది.

"ఎటు పోతున్నవ్ అత్తమ్మా?"

"రేపు వాన్ని దవాఖానల పెడ్తున్నరు గదా. కత్తి పెట్టకముందే తండ్రి వచ్చి చూడాలె."

"రేపు పోదాం. ఈయనను దవాఖానల చేర్చినంక నేనే తీస్కపోత. ఇయ్యాల ఒక్కదానివి ఎట్ల పోతవ్?"

సత్తెమ్మ తలుపు రెక్క పట్టుకుని ఆగింది. ఆమె గొంతు కోపంగా లేదు, తడిగా కూడా లేదు. నీళ్ల బిందె దించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"పోయేనాడు మీ మామ గిదే తలుపు కాడ నిలబడ్డడు బిడ్డా. నేను తాగలేనే సత్తెవ్వా, నాకేదో అయితున్నది, ఒక్కసారి దవాఖానకు తీస్కపో అన్నడు. రేపు చూద్దాం తియ్ అని తలుపేసిన."

సత్తెమ్మ గడప దాటి, మొదటి మెట్టు దిగి, వెనక్కి తిరిగింది.

"బాచుపల్లి బస్సు యాడ ఆగుతది?"